మిరుగం దాక గడువు

కాయని చెట్టు ముందర గొడ్డలి పట్టుకొని నేను ఒక్కసారి గద్దించిన్నంటే, అది జామైనా సరే, మామిడైనా సరే, ఆఖరికి కరెంటు స్తంభమైనా సరే, కాయాల్సిందే. మా ఊరి బడిల నాకు ఎక్కాలు సరిగ్గ రాలేదు గని, చెట్లను బెదిరించుడు మాత్రం మా తాత దగ్గర మంచిగ నేర్సుకున్న. నమ్మకుంటే గౌలిపురకు పోయి అడుగుండ్రి. ఒక్క గొడ్డలితోని, ఒక్క జామపిందెతోని, ఇల్లు ఇడిసి పోవాల్సిన మనిషిని ఇంట్ల నిలబెట్టిన మొగులయ్య ఎవరంటే నన్నే చూపిస్తరు.

చెప్త, కూసోండ్రి. చాయ్ తాగొచ్చినోళ్లయితే ఇంకా మంచిది, మా ఇంట్ల పాలు విరిగినయి.

అది ఎమర్జెన్సీకి ముందటి ఎండకాలం. అప్పుడు నేను బస్సు డిపోల ఫిట్టర్‌ను. పట్నంల, గౌలిపురలో మాదొక పెంకుటిల్లు. ఇంటెనక నాలుగు మంచాలు పరిస్తే నిండిపోయేటంత పెరడు. గంత జాగలోనే నా భార్య రాజమణి ఒక బీరపందిరి ఏసింది, ఒక నిమ్మచెట్టు పెట్టింది, గోడ మూలకు గోరింటాకు నాటింది. వీటన్నిటికంటె ఎక్కువ, ఆమె ప్రాణం మల్లెపందిరి మీద ఉండె. పెండ్లైనంక ఆమె అత్తగారింటికి వచ్చేటప్పుడు తల్లి ఒక మల్లెకొమ్మను తడిగుడ్డల చుట్టి ఒళ్లె పెట్టిందట. రైలు డబ్బాల అందరు మూటలు మోస్తుంటే, ఈమె ఆ కొమ్మను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని వచ్చింది. నన్ను గూడ ఎన్నడు గట్ల చూసుకోలేదు. ఎండకాలం సాయంత్రం పూట ఆమె మొగ్గలు తెంపుతుంటే మొకం చూడాలె మీరు. పొద్దంతా నన్ను తిట్టిన నోరు అదేనా అనిపిస్తుండె.

ఇగ మిగిలింది జామచెట్టు. ఆకులు ఏనుగు చెవులంత. నీడ పెండ్లిపందిరంత. ఏండ్లు గడుస్తున్నయి గని, కాయ కాదు గదా, పువ్వు గూడ పూయలేదు.

మా ఊర్ల ఒక ఆనవాయితీ ఉండె. కాయని చెట్టును కొట్టే ముందర దాన్ని అడగాలె. పొద్దుగాల తానం చేసి, ఒకరు గొడ్డలి పట్టుకొని చెట్టు ముందర నిలబడాలె, ఇంకొకరు చెట్టు ఎనక నిలబడాలె. ముందరున్నోళ్లు గొడ్డలి తిరగేసి మానును తట్టి, "కాస్తవా, కొట్టెయ్యనా?" అని గద్దించాలె. ఎనకున్నోళ్లు చెట్టుకు బదులు బతిమిలాడి గడువు అడగాలె. గడువు ఇచ్చినంక గొడ్డలి దించాలె. చెట్టు దిక్కు మాట్లాడేటోళ్లు ఎవరు లేకపోతే మాత్రం, ఎత్తిన గొడ్డలి ఉత్తగ దించొద్దు, కొట్టాల్సిందే.

ఎండకాలం సెలవులకు మేము ప్రతి ఏడు జనగామ దిక్కు మా అత్తగారూరికి పోతుంటిమి. ఆ ఏడు బయల్దేరే పొద్దున, మూటలు కట్టినంక, నేను గొడ్డలి తీసిన. రాజమణిని చెట్టెనక నిలబెట్టిన.

"కాస్తవా, కొట్టెయ్యనా?" అని గట్టిగ గద్దించిన. నా గొంతుకు బజార్ల మేకలు ఉలిక్కిపడ్డయి.

"కాస్తనయ్యా, ఈ ఒక్కసారికి ఇడిసిపెట్టు," అని చెట్టెనక నుంచి రాజమణి దీనంగ అన్నది. ఎంటనే సొంత గొంతుతోని, "బండి టైమైతున్నది, నీ నాటకం జల్ది కానియ్యి," అన్నది.

గోడ అవతల నుంచి నవ్వు ఇనవడ్డది. పక్కింటి నాగమణమ్మ.

నాగమణమ్మ గురించి చెప్పాలె. మా బజారు మూలకు ఆమెదొక దుకాణం. పసుపు, కుంకుమ, కర్పూరం, ఊదుబత్తులు అమ్ముతుండె. తాతల కాలం నుంచి యాపారం వాళ్లది. పెనిమిటి పోయినంక దుకాణం ఆమెనే చూసుకున్నది. సరుకు కొననీకె బేగంబజార్‌కు పోతే హమాలీలు ఆమెను చూసి బీడీలు ఆర్పేస్తుండ్రి. ఒక్కతే బిడ్డ, ఆండాలు. అల్లుడు కైలాసం, ఇల్లుటం వచ్చి అత్తింట్లనే ఉంటుండె. వచ్చిన కొత్తల గుండీల కార్ఖానల పనిచేస్తుండె. అది బందయింది. దుకాణంల కూసోబెడితే, పసుపు తూచి పొట్లం కట్టినంక పైన ఇంకో పిడికెడు ఏస్తుండె. తూచినంతే ఇచ్చుడు మర్యాద కాదనుకుండు. అత్త చూసి దుకాణంలకెళ్లి లేపేసింది. అన్నం పెట్టుడు ఆపలేదు గని, ముద్ద ముద్దకు ఒక మాట వడ్డిస్తుండె.

"ఏంది తమ్మీ, పొద్దుపొద్దుగాల చెట్టుతోని పంచాతి?" అని గోడ మీదికెళ్లి తొంగి చూసింది.

నేను ఆనవాయితీ గురించి చెప్పిన.

"మంచిగున్నది. మా ఇంట్ల గూడ ఉన్నది ఒక చెట్టు. తింటది, పంటది, కాయదు. దాని మీదికి ఎవరు గొడ్డలి ఎత్తాలె?"

ఆమె ఎనక కైలాసం బకెట్ పట్టుకొని నిలబడి ఉన్నడు. తల ఎత్తలేదు.

అప్పుడన్నా నేను నోరు మూసుకోవాలె గద. మూసుకుంటే నేను మొగులయ్యను ఎట్లయిత? "గట్లనా అక్కా, అయితే రెంటికీ ఒక్కటే గడువు పెట్టరాదు. మిరుగం దాక. మా జామ పూసిందా, మీ అల్లుని దశ గూడ పూసినట్టే. పూయలేదా, నా గొడ్డలి నీ చేతికిస్త," అన్న.

నేను నవ్విన. కైలాసం గూడ మొకమాటానికి నవ్విండు. నాగమణమ్మ నవ్వలేదు.

"చెట్టు ముందర అంటున్నవు తమ్మీ. మాట మాటే. మిరుగం నాడు నేనే వచ్చి చూస్త. పువ్వో పిందెనో ఒక్కటి కనవడ్డా ఉంటడు. లేకుంటే ఎక్కడికెళ్లి వచ్చిండో గక్కడికే. రోజు రోజు అనుడు నాకు గూడ యాష్టకొచ్చింది."

మిరుగమంటే మృగశిర కార్తె వచ్చే రోజు. ఎండకాలం పోయి వానకాలం లోపలికి అడుగు పెట్టే రోజు. నెలకు కొంచెం ఎక్కువున్నది. ఆడోళ్లు కోపంల అన్న మాట అప్పటిదాక నిలుస్తదా అని నేను ఫికర్ చెయ్యలేదు. పెరటి తలుపు తాళంచెవి కైలాసం చేతులనే పెట్టిన. రాజమణి పోతపోత, "కైలాసం, మల్లెకు రెండు పూటల పొయ్యి బిడ్డా. తక్కినయి నీ దయ," అని చెప్పింది.

"ఫికర్ చెయ్యకు అత్తా," అన్నడు.

అత్తగారూర్ల ఆ ఏడు ఎండలు ఎట్లున్నయంటే, కోళ్లు ఉడకబెట్టిన గుడ్లే పెట్టినయి. మేము ఉప్పు ఏసుకొని తినుడే. మా బామ్మర్ది మధ్యాహ్నం బాయి కాడికి పోతే, వాని నీడ చెట్టు కింద ఆగిపోయింది, వానెంట రానన్నది. పిల్లలు మాత్రం అమ్మమ్మ దగ్గర బడి తెరిచేదాక ఉంటమన్నరు. మిరుగానికి ముందటి రోజు మేమిద్దరమే కాచిగూడల రైలు దిగి, రిక్షా కట్టించుకొని ఇంటికి వచ్చినం.

దారి పొడుగూత రాజమణి మల్లెల గురించే. "ఈ ఏడు చివరి పూత అయిపోయి ఉంటది. అయినా పదో పరకో ఉంటయి."

ఇంట్ల మూటలు గూడ దించకుండ ఆమె పెరటి దిక్కు పోయింది. నేను ఎనక పోయిన. పోయి ఆగిన.

బీరపందిరి మీద తీగె లేదు, ఉట్టి తాళ్లు ఏలాడుతున్నయి. నిమ్మచెట్టు ఆకులన్నీ కింద పడి, నడుస్తుంటే అప్పడాలు ఇరిగినట్టు సప్పుడైతున్నది. గోరింటాకు చీపురుపుల్లల కట్ట లెక్క ఉన్నది. మల్లెపందిరి పొయ్యిల పెట్టుకునే కట్టెల లెక్కనే ఉన్నది.

నడిమిట్ల జామచెట్టు ఒక్కటే పెండ్లికొడుకు లెక్క నిలబడి ఉన్నది. పచ్చగ, నిగనిగ. మానుకు పసుపు పూసి ఉన్నది. ఒక కొమ్మకు పాత చెప్పుల జత, ఇంకో కొమ్మకు అరిగిన చీపురు, ఇంకోదానికి గుర్రపు నాడ. ఏదో దర్గాల కట్టిన ఎర్రదారం. మొదట్ల రెండు తుప్పు మొలలు కొట్టి ఉన్నయి. చుట్టూ మడుగు కట్టి ఉంటే అండ్ల నీళ్లు మెరుస్తున్నయి. నేనైతే చెప్పులు ఇడిసి మొక్కబోయిన.

ఆ మడుగు పక్కన కైలాసం ఖాళీ బకెట్ పట్టుకొని నిలబడి ఉన్నడు. ఎండకు నల్లగైండు. మా దిక్కు చూస్తున్నడు గని, కండ్లు పైకి కొమ్మల్లకే పోతున్నయి.

"వచ్చిన్రా మామా," అన్నడు.

"కైలాసం, ఏందిది?"

"మీరు పోయినంక నల్లా సరిగ్గ రాలేదు మామా. వస్తే ఒక్క బిందె, రెండు బిందెలు. బజారంతా గదే లొల్లి. గా నీళ్లు దేనికి పొయ్యాలె?" రాజమణి దిక్కు తిరిగిండు. "అత్తా, అందరికీ కొంచెం కొంచెం పోద్దామనే అనుకున్న. గని పోసేటప్పుడు చెయ్యి ఇటే తిరుగుతుండె. మల్లెకు పోస్తే మల్లె బతుకుతుండె, నేను..."

బకెట్ కింద పెట్టిండు.

నీళ్లొక్కటే కాదు. ఎవరేది చెప్తే అది చేసిండు. చేపలు కడిగిన నీళ్లు పోస్తే చెట్టు కాస్తదని ఎవరో అన్నరట. ఉల్లిగడ్డ గూడ వారం చూసి తినే ఇంటి అల్లుడు, ముక్కు మూసుకొని, చేపలమ్మే ఆమె దగ్గర రోజు డబ్బా నింపుకొని తెచ్చి పోసిండు. పోసినంక ఆ మైల పోనీకె తానం చేసి ఇంట్లకు పోతుండెనట. ఆ తానం నీళ్లు గూడ ఈ చెట్టు మొదట్లనే.

"మరి పూసిందా?" అని అడిగిన. కనవడుతనే ఉన్నది, అయినా అడిగిన.

"ఆకులైతే మస్తుగ వచ్చినయి మామా," అన్నడు.

రాజమణి మల్లె దగ్గర గొంతుకూసున్నది. ఒక రెమ్మ ఇరిచింది. పుటుక్కుమన్నది. ఇంకొంచెం కిందికి ఇరిచింది. లోపల ఎక్కడన్న పచ్చగ ఉన్నదా అని చూస్తున్నది. ఇరుచుకుంట ఇరుచుకుంట భూమి దాక వచ్చింది. గోటితోని మొదలు గీకింది. లేచి, చేతులు దులుపుకొని, ఇంట్లకు పోయి పొయ్యి ముట్టించింది. కైలాసాన్ని తిట్టలేదు, నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు ఆకలయ్యేది.

కైలాసం జామ నీడల కూసున్నడు. అప్పుడు చూసిన, మాను ఎనక ఒక రెక్సిన్ బ్యాగు. జిప్పు పోతే సుతిల్ తాడుతోని కట్టి ఉన్నది.

"ఇప్పటికెళ్లే సదురుకున్నవా?"

"రేపు అందరి ముందర బట్టలు మడత పెట్టుడు మంచిగుండదు మామా."

"ఏడికి పోతవు?"

"జల్‌పల్లి దిక్కు మా పెదనాయిన కొడుకు ఇల్లు కట్టిండట. పండుగకు గూడ పిలవలేదు. పోయి అడుగుత. ఏమంటడో."

"ఆండాలు?"

"నీ ఎంట నేను గూడ వస్త అంటున్నది. రమ్మందమంటే నా దగ్గర చోటు ఉండాలె గద మామా."

నేను లేచి నాగమణమ్మ దుకాణానికి పోయిన. ఆమె కర్పూరం బిళ్లలు సీసాలల్ల పోస్తున్నది.

"అక్కా, ఆనాడు నేను నవ్వులాటకు అన్న."

"నువ్వు నవ్వులాటకే అన్నవు తమ్మీ, నాకు తెల్సు. నేనే నవ్వులాటకు ఇనలేదు."

"చెట్టుకు మనిషికి ఏం సమ్మంధం?"

"అది నువ్వు ఆనాడు చెప్పాల్సుండె." సీసా మూత బిగించింది. "నేనేమన్న రాచ్చసినా? రేపు నేను పోతే ఈ దుకాణం ఎవరు చూస్తరు? పిడికెడు పిడికెడు ఊరందరికి పంచిపెడ్తడు గాయిన. అప్పుడు నా బిడ్డ ఏం తింటది? నీ జామాకులు తింటదా?"

నా దగ్గర కథలున్నయి గని జవాబులు తక్కువ.

ఇగ మిగిలింది నా అసలు తెలివి. ఒక చిన్న జామకాయ తెచ్చి ఆకుల చాటున దారంతోని కడితే ఎవరికి తెలుస్తది? సైకిలెక్కి బేగంబజార్ దిక్కు పోయిన. ఎక్కడ చూసినా మామిడిపండ్లే, రాశులు రాశులు. ఒక బండి కాడ ఆగి, "భాయ్, జామకాయ ఉందా? అమ్రూద్?" అని అడిగిన.

వాడు నన్ను కిందికెళ్లి మీదికి చూసిండు. "అమ్రూద్? ఇస్ మౌసమ్ మే?" ఈ కాలంల జామకాయనా అని పక్క బండివానికి చెప్పిండు. వాడు ఇంకొకనికి చెప్పిండు. "చచా కో అమ్రూద్ హోనా కతే!" చచాకు జామకాయ కావాల్నట అని వరస పొడుగూత నవ్వులు. ఒకడైతే, "మామిడికాయ తీస్కపోయి జామ అని పేరు పెట్టుకో చచా," అన్నడు. ఉత్తచేతులతోని తిరిగొచ్చిన. వచ్చి కైలాసానికి చెప్తే, "దొరికినా కట్టనియ్యకపోదును మామా. ఇన్ని రోజులు దానికి నీళ్లు పోసిన. దాని పేరు మీద అబద్ధం ఎట్ల ఆడుదు?" అన్నడు. చూడుండ్రి, గిసొంటి మనిషిని బతికించుడు ఎంత కష్టమో.

ఇక్కడనే ఒక మాట చెప్పాలె, లేకుంటే మీకు అనుమానం వస్తది. నేను బెదిరించిన చెట్లన్నీ కాసినయని మొదట్ల అన్న గద. ఉత్తదే. మా ఊర్ల నేను బెదిరించినయి మూడే. ఒకటి ఎండిపోయింది. ఒకదాన్ని ఎవరో రాత్రికి రాత్రి కొట్టుకపోయిన్రు. మూడోది మగ బొప్పాయి, అది పాపం ఎంత బెదిరించినా ఏం చేస్తది. కరెంటు స్తంభం గురించి మీరే ఆలోచించుకోండ్రి.

తెల్లారింది. మిరుగం. ఆనాడు చేపలు తినాలె గద, బజార్ల ఇంటింటికెళ్లి చేపల పులుసు వాసన. మా ఇంట్ల మాత్రం ఉప్పు లేని పప్పు, ఉప్పు ఎయ్యలేదని చెప్పనీకె నాకు ధైర్యం లేదు. నాగమణమ్మోళ్లు చేపలు తినరు. మిరుగం నాడు ఇంగువల బెల్లం కలిపి ఉండలు చేసి మింగుతరు. ఆ ఉండలు ఆకుల పెట్టుకొని, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, ఆమె మా పెరట్లకు వచ్చింది. ఎనక ఆండాలు వచ్చింది. తల్లి ముందర ఎన్నడు నోరిప్పని పిల్ల. మొకం ఉబ్బి ఉన్నది.

నాగమణమ్మ ముందుగాల మాకు ఇంగువ బెల్లం పెట్టింది. కైలాసానికి గూడ పెట్టింది. ఆయన కండ్లకు అద్దుకొని మింగిండు. అటెంక ఆమె చెట్టు చుట్టు తిరిగింది. కొమ్మ కొమ్మ వంచి చూసింది. ఆకులు పక్కకు జరిపి చూసింది. చెప్పులు చూసింది, చీపురు చూసింది, దారం చూసింది. చేపల నీళ్ల వాసన తగిలిందేమో, కైలాసం దిక్కు తిరిగింది.

"గా నీళ్లు నువ్వే తెచ్చినవా?"

"తానం చేసే ఇంట్లకొచ్చిన అత్తమ్మా."

ఆమె నా దిక్కు చెయ్యి చాపింది. "గొడ్డలి."

నేను తెచ్చియ్యకపోతే బాగుండు. నా కాళ్లు వాటంతటవే ఇంట్లకు పోయినయి, తెచ్చి ఇచ్చినయి. కొన్నిసార్లు మన ఒళ్లు మనకంటె మర్యాదస్తురాలు.

ఆమె గొడ్డలి తిరగేసి మానును తట్టింది. గొంతు లేపలేదు. "కాస్తవా, కొట్టెయ్యనా?"

చెట్టెనక ఎవరు లేరు. నెల కింద ఆడ నిలబడ్డ రాజమణి, ఇప్పుడు ఎండిన మల్లె పక్కన నిలబడి ఉన్నది. చేతుల నిన్న ఇరిచిన రెమ్మ. అందరం ఆమె దిక్కే చూసినం. ఆమె కదలలేదు. ఏ మొకం పెట్టుకొని కదలమందుము? ఆ చెట్టు నీళ్లు తాగి ఆమె చెట్టు చచ్చింది.

అడిగేటోళ్లు లేకుంటే కొట్టాల్సిందే. నాగమణమ్మ గొడ్డలి సరిగ్గ తిప్పి పట్టుకున్నది.

అప్పుడు ఆండాలు పోయి చెట్టెనక నిలబడ్డది.

"ఈ ఒక్కసారికి చూడమ్మా," అన్నది. "కాయకపోతే ఏమాయె? నీడ ఉన్నది గద. నీడకు నేను కూసుంట."

నాగమణమ్మ ఎత్తిన గొడ్డలి ఎత్తినట్టే ఉన్నది. దించదు, కొట్టదు.

అప్పుడు మొగులయ్య ఏం జేసిండు? సింహం లెక్క ముందరికి దుంకిండు. "ఆగు అక్కా! గటు చూడు, గోడ దిక్కు కొమ్మకు, మూడో ఆకు కింద, పిందె!" అని చూపించిండు. అందరు చూసిన్రు. గోరంత పిందె, పచ్చగ, మీద ఎండిన పువ్వు తోకతోని. నాగమణమ్మ గొడ్డలి కింద పెట్టింది. కైలాసం బ్యాగు సుతిల్ ఊడదీసి ఇంట్లకు తీస్కపోయిండు. దుకాణంల మల్ల కూసోబెట్టలేదు గని, బేగంబజార్‌కెళ్లి మూటలు తెచ్చే పని ఆయనకే అప్పజెప్పింది. ఎత్తుకొచ్చే దాంట్ల పిడికెడు ఎక్కువ ఏసేది ఉండదు గద. ఇట్ల ఒక్క పిందెతోని ఒక ఇల్లు నిలబెట్టిన.

ఇగో, గిట్లనే చెప్తుంటా అందరికి. డిపోల చెప్పిన, పెండ్లిళ్లల్ల చెప్పిన, మా మనుమలకు చెప్పిన.

ఆ పిందె కాయైందా, పండైందా అని మీరు అడుగుతరు. కాలేదు. ఆ చెట్టు ఎన్నడు కాయలేదు. రాజమణి మల్ల మల్లెకొమ్మ తెచ్చి నాటింది, గని తల్లి చేతిది కాదు గద, దాని దగ్గర ఆమె ఎప్పుడు గంతసేపు నిలబడలేదు. ఎండిన పాత మొదలును మాత్రం చాన దినాలు పీకనియ్యలేదు. వానలు పడ్డంక రోజు పొద్దుగాల పోయి చూస్తుండె. నేను చాయ్ గ్లాసు పట్టుకొని తలుపు కాడ నిలబడుతుంటి. చిగురొచ్చిందా అని అడగనీకె నోరు రాకపోయేది.

ఇగ ఇంతదూరం వచ్చినంక ఉన్నది చెప్త.

ఆనాడు నేను ముందరికి దుంకలేదు. ఇంగువ బెల్లం ఉండ గొంతుల అడ్డం పడ్డట్టు నిలబడ్డ, అంతే. ఊరందరిని నవ్వించే నోట్లకెళ్లి, ఒక్క మాట కావాల్సి వస్తే ఒక్కటి గూడ రాలేదు. నాగమణమ్మనే గొడ్డలి పట్టుకొని కొమ్మల్లకు చానసేపు చూసింది. ఆమె కండ్లు బిడ్డ మీదికి పోయినయి, అల్లుని బ్యాగు మీదికి పోయినయి, మల్ల కొమ్మల్లకు పోయినయి.

"గదేంది, పిందె కాదా?" అన్నది. "అందరికి కండ్లు పోయినయా?"

అందరం తలలెత్తినం. ఆమె చూపించిన కాడ ముడుచుకపోయిన ఎండుటాకు ఒకటి ఉన్నది. కైలాసం, సత్తెకాలపోడు, "ఏదీ అత్తమ్మా, నాకు కనవడ్తలేదు," అని మడిమెలెత్తి చూస్తున్నడు. ఆండాలు ఎనక నుంచి ఆయన చెయ్యి గట్టిగ గిచ్చింది. నాగమణమ్మ గొంతు తడబడ్డది. "గదే... గోడ దిక్కు..." అన్నది. మాట మాటే అన్నది గద, ఎవరో ఒకరు అవును అనకపోతే ఆమె గొడ్డలి దించనీకె లేదు.

నిన్నటికెళ్లి నోరిప్పని రాజమణి అప్పుడు ఇప్పింది. చేతులున్న మల్లెరెమ్మను కింద పడేసింది.

"ఉన్నది వదినా," అన్నది. "మంచిగ కనవడ్తున్నది."

కోళ్లు పెట్టిన ఉడికిన గుడ్లు, బామ్మర్ది నీడ మీరు ఎట్లాగు నమ్మలేదు, కాబట్టి వాటి లెక్క ఇడిసిపెట్టుండ్రి. మిగతాదంట్ల నేను కల్పించింది ఒక్కటే, పిందెను చూపించింది నేనన్నది. పిందెను గూడ నేనే కల్పించిన్ననుకునేరు. అది నాది కాదు, నాగమణమ్మది.